చిన్న సంఘంలో వి.బి.ఎస్. నడపడం ఎలా? బెంగళూరు తెలుగు టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో తెలుగు క్రైస్తవ సంఘాలంటే పెద్ద చర్చిలు మాత్రమే కాదు. వర్తూరు, హూడి, కె.ఆర్.పురం, బొమ్మసంద్ర వైపు వెళితే అద్దె ఇంటి మేడ మీదా, షాపు వెనక గదిలోనూ, బిల్డింగ్ పనివాళ్ల షెడ్ల మధ్యా ఆదివారం కూడుకునే చిన్న చిన్న సంఘాలు ఎన్నో ఉన్నాయి. రాయలసీమ నుంచి, పాలమూరు నుంచి పనికి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, పక్కింటి పిల్లలు. ఎండాకాలం సెలవుల్లో అలాంటి చోట వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు పాఠశాల) పెట్టాలనుకునే సండే స్కూల్ అక్కలూ అన్నలూ అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు.

మా సంఘంలో ఉన్నదే ఇరవై కుటుంబాలు. వి.బి.ఎస్. పెట్టేంత బలం మాకు ఉందా?

ఉంది. అసలు ఈ పని మొదలైందే చిన్న చోట్ల. 1894లో అమెరికాలోని హోప్‌డేల్ అనే చిన్న ఊళ్లో డి.టి. మైల్స్ అనే టీచరమ్మ, వారానికొక గంట సండే స్కూల్ చాలదని వేసవిలో రోజూ పిల్లలను కూర్చోబెట్టి బైబిలు చెప్పారు. 1898లో న్యూయార్క్ పేదవాడలో వీధుల్లో తిరిగే పిల్లలకోసం ఎలైజా హాస్ గారు తరగతులు మొదలుపెడితే, చోటు దొరక్క బీరు అమ్మే హాలును అద్దెకు తీసుకోవాల్సి వచ్చింది. 1901లో రాబర్ట్ బోవిల్ గారు చేయి కలిపాక అది మిగతా సంఘాలకు పాకింది. స్టేజీలు, టీషర్టులు, డీజే సౌండ్ అన్నీ తర్వాత వచ్చి చేరినవే.

పదిహేను నుంచి ముప్పై మంది పిల్లలు, నలుగురైదుగురు టీచర్లు, వంటకు ఒకరిద్దరు అమ్మలు ఉంటే చాలు. ఆ లెక్కలో ప్రతి పిల్ల పేరూ రెండో రోజుకే నోటికి వస్తుంది. మూడు వందల మంది వచ్చే చోట అది కుదరదు. నన్నడిగితే చిన్న సంఘానికి ఉన్న అసలు లాభం ఇదే.

ఏ వారం పెట్టుకోవాలి?

దీని గురించి కాస్త ఎక్కువ ఆలోచించండి. మన ఆంధ్ర, తెలంగాణ సంఘాలు మే నెలలో పెడతాయి కాబట్టి మనమూ మేలోనే అనుకుంటాం. బెంగళూరులో అది కుదరదు. కర్ణాటక స్టేట్ సిలబస్ స్కూళ్లకు సెలవులు దాదాపు ఏప్రిల్ రెండో వారంలో మొదలై మే చివరికల్లా అయిపోతాయి. ఆంధ్ర, తెలంగాణల్లో జూన్ రెండో వారం దాకా ఉంటాయి. మన పిల్లలు మే మొదటి వారంలోనే అమ్మమ్మ ఊరి బస్సు ఎక్కేస్తారు. జాతర్లు, పెళ్లిళ్లు కూడా అప్పుడే. కాబట్టి పరీక్షలయ్యాక ఊళ్లకు పోకముందు దొరికే ఆ రెండు మూడు వారాలే మనవి.

ఈస్టర్ ఎప్పుడో కూడా చూసుకోండి. ఏటా మారుతుంది: 2025లో ఏప్రిల్ 20న వచ్చింది, 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల వారంలో పాస్టరు గారికి ఊపిరాడదు, ఆ వారం వదిలేయండి. సీబీఎస్ఈ స్కూళ్ల సెలవులు ఒక్కో స్కూలుకు ఒక్కోలా ఉంటాయి. తేదీ ప్రకటించకముందే నాలుగిళ్లకు వెళ్లి అడగండి.

రోజుకు ఎంతసేపు, ఎన్ని రోజులు?

ఐదు రోజులు, రోజుకు రెండున్నర గంటలు. పది రోజులు పెట్టిన చోట ఆరో రోజు నుంచి టీచర్లే తగ్గిపోతుంటారు. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టి పదకొండున్నరకు తినిపించి పంపించేయండి. ఏప్రిల్ ఇక్కడ మండే నెల. మధ్యాహ్నం దాటాక రేకుల కింద కూర్చోలేం, సాయంత్రమైతే గాలివాన, ఒక్కోసారి వడగళ్లు.

పాటలు అరగంట, కథ ఇరవై నిమిషాలు, కంఠత వాక్యం పావుగంట, వయసువారీగా క్లాసు అరగంట, ఆట, తిండి. కథను ఆటకు ముందే పెట్టండి. ఆడి వచ్చిన పిల్లాడి చెవిలో కథ దూరదు.

చోటు ఎలా ఉండాలి?

ఉన్న చోటే చాలు, కానీ ముందురోజు ఒకరు పిల్లాడి ఎత్తుకు వంగి మరీ ఆ చోటంతా చూడాలి. బెంగళూరు ఇళ్లలో గేటు దగ్గరే నీళ్ల సంపు ఉంటుంది. దాని మూత రేకు ముక్కో, పగిలిన సిమెంటు పలకో అయితే ఆ ఐదు రోజులూ దాని మీద బరువు పెట్టి, ఒక మనిషిని అక్కడే నిలబెట్టండి. ట్యాంకర్ వచ్చే రోజైతే మరీ జాగ్రత్త. నీళ్లు పట్టినంతసేపూ మూత తీసే ఉంటుంది.

మేడ మీద పెడితే పిట్టగోడ ఎత్తు చూడండి. పిల్లల నడుం దాకా మాత్రమే ఉంటే అక్కడ ఆటలు వద్దు, పాటలూ కథా మాత్రమే. పనివాళ్ల షెడ్ల దగ్గరైతే బిల్డింగ్ లోపలికి అసలు పోవద్దు. లిఫ్టు గుంత, పైకి పొడుచుకొచ్చిన కడ్డీలు, కరెంటు వైర్లు ఉంటాయక్కడ. సైటు మేస్త్రీతోనూ, ఇంజనీరుతోనూ ముందే మాట్లాడి, షెడ్ల పక్కన నీడ పడే జాగా అడగండి. పొద్దున నీడ ఎటు పడితే అటు చాప మార్చుకుంటూ పోవడమే.

మైకు పెట్టొచ్చా?

ముప్పై మందికి మైకెందుకు? లౌడ్ స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే వీధిలో పగటిపూట పరిమితి 55 డెసిబెల్స్. ఒక డోలక్, ఒక కంజీర, గొంతున్న ఒక అక్క ఉంటే సరిపోతుంది. మొదటి రోజుకు ముందే పక్కింటివాళ్లకు చెప్పి, వాళ్ల పిల్లలనూ పిలవండి.

క్రైస్తవులు కాని ఇళ్ల పిల్లలు వస్తామంటే?

రానివ్వండి, కానీ ఇంట్లోవాళ్లకు తెలిసి రావాలి. "సమ్మర్ క్యాంపు, డ్రాయింగ్, డాన్సు" అని చెప్పి లోపల బైబిలు చెప్పడం మోసం. ఆహ్వానం చీటీలోనే తెలుగులోనూ కన్నడలోనూ రాయండి: ఇది బైబిలు పాఠశాల, బైబిలు కథలు చెబుతాం, పాటలు పాడతాం, తినడానికి పెడతాం. కింద తల్లో తండ్రో సంతకం లేదా వేలిముద్ర, ఫోన్ నంబరు. అది లేకుండా ఏ పిల్లనూ రిజిస్టరులో రాయొద్దు. మన సంఘం పిల్లలకైనా అంతే.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. కర్ణాటకలో 2022లో మత స్వేచ్ఛ హక్కు రక్షణ చట్టం వచ్చింది. ఆశ చూపి, బలవంతపెట్టి మతం మార్చడం దాని ప్రకారం నేరం. బహుమతులు, వస్తు లాభాలు కూడా ఆశ చూపడం కిందికే వస్తాయి. మార్చింది మైనరునైతే మూడు నుంచి పదేళ్ల జైలు, కనీసం 50,000 రూపాయల జరిమానా. దాన్ని వెనక్కి తీసుకోవాలని 2023 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించింది. చట్టం మాట అటుంచినా, పిల్లలతో పనిచేసేటప్పుడు ఆ హద్దులు మనకు మనమే పెట్టుకోవాల్సినవి. చేతులెత్తించడం, కన్నీళ్లు పెట్టించడం, "ఈరోజే నిర్ణయం తీసుకో" అనడం ఎనిమిదేళ్ల పిల్లల దగ్గర చేసే పని కాదు. అక్క ముఖం చూసి, మెప్పుకోసం ఏదైనా ఒప్పుకుంటారు వాళ్లు. కథ చెప్పండి, అడిగినవాటికి జవాబు చెప్పండి, మిగతాది ఇంటికి వదిలేయండి.

పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఎలా?

బెంగళూరు తెలుగు వి.బి.ఎస్.లో అందరూ ముందు తగిలించుకునే రాయి ఇదే. పిల్లలు ఇంట్లో సీమ తెలుగు, వీధిలో కన్నడ, స్కూల్లో కన్నడమో ఇంగ్లీషో. విజయవాడలోనో హైదరాబాదులోనో అచ్చయిన వర్క్‌బుక్ చేతికిస్తే బొమ్మలకు రంగులేసి పక్కన పెడతారు. బైబిలు భాష గ్రాంథికం, అది ఇంకో మెట్టు.

వాక్యాన్ని ముందు నోటితోనే నేర్పండి. "నీ వాక్యము నా పాదములకు దీపమును నా త్రోవకు వెలుగునై యున్నది" అనే 119వ కీర్తన మాట తీసుకోండి. త్రోవ అంటే దారి అని చెప్పి ఊరుకోవద్దు. "రాత్రిపూట బయట బాత్రూముకు పోవాలంటే ఏం చేస్తారు?" అని అడగండి. షెడ్లలో ఉండే పిల్లలు వెంటనే చెబుతారు: నాన్న ఫోను టార్చి. "టార్చి వేస్తే ఎంత దూరం కనపడుతుంది?" కాళ్ల ముందు రెండడుగులు. "ఆ రెండడుగులు వేశాక?" ఇంకో రెండు కనపడతాయి. అప్పుడు ఆ వాక్యాన్ని చేతులతో ఆడిస్తూ చెప్పించండి: పాదాలు ముట్టుకోవడం, అరచేయి దీపంలా పట్టడం, దారి చూపడం. మూడుసార్లకు వచ్చేస్తుంది. "యున్నది" దగ్గర నవ్వుతారు, నవ్వనివ్వండి.

చార్టు మీద అదే తెలుగు వాక్యాన్ని కన్నడ అక్షరాల్లో ఒకటి, తెలుగు అక్షరాల్లో ఒకటి రాసి పక్కపక్కన పెట్టండి. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే. న, మ, ల, గ, ద లాంటివి తలకట్టు తేడాతో ఇట్టే గుర్తుపడతారు. క, త, శ లాంటి కొన్నింటిని మాత్రం విడిగా చూపించాలి. ఐదో రోజుకు పెద్ద పిల్లలు తెలుగు చార్టు కూడబలుక్కుని చదువుతుంటే, పనినుంచి వచ్చి పిల్లలను తీసుకుపోయే తల్లుల ముఖాలు చూడాలి. వాళ్లలో చాలామందికి బైబిలుకన్నా ముందు కావలసింది అదే, అందులో తప్పేమీ లేదు.

పాఠాలు కొనాలా, మనమే తయారు చేసుకోవాలా?

కొన్నా పరవాలేదు. ఒక టీచరు పుస్తకం కొని అందరికీ జిరాక్సు తీయించడం మాత్రం వద్దు, అచ్చువేసినవాళ్ల కష్టం అది. డబ్బులు లేకపోతే ఐదు కథలు ఎంచుకోండి, ఐదు వాక్యాలు, ఐదు పాటలు, అంతే. తెలుగు బైబిళ్లు, కొత్త నిబంధనలు కావాలంటే బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం మన ఎం.జి. రోడ్డులోనే ఉంది.

కథ ఎలా చెబితే కూర్చుంటారు?

ఐదు రొట్టెలు, రెండు చేపల కథనే చూద్దాం. ఎక్కువమంది టీచర్లు "యేసుప్రభువు ఐదువేల మందికి భోజనం పెట్టారు" అని మొదటి వాక్యంలోనే కథ ముగించేస్తారు. అలా కాకుండా ఒక స్టీలు టిఫిన్ బాక్సు తెచ్చి ముందు పెట్టండి. మూత తీయొద్దు. ఇందులో ఏముంటుందో చెప్పండి అంటే పిల్లలు ఎవరింటి అన్నం వాళ్లు చెబుతారు: చిత్రాన్నం, రాగి సంగటి, చపాతీ. "ఒకబ్బాయికి వాళ్లమ్మ ఇలాగే బాక్సు కట్టిచ్చింది" అని అక్కణ్నుంచి మొదలుపెట్టండి. యోహాను సువార్తలో అవి యవల (బార్లీ) రొట్టెలు. గోధుమ రొట్టె తినలేని పేదింటి తిండి యవ రొట్టె. "మనింట్లో రాగి ముద్ద ఉన్నట్టు" అంటే ఆ అబ్బాయి వాళ్ల షెడ్డు పక్కింటివాడైపోతాడు.

తర్వాత ఆ బాక్సును ఒక పిల్లాడి చేతికిచ్చి, "నీకు ఆకలేస్తోంది. ఇది ఇస్తావా?" అని అడిగి ఆగండి. నిజంగా ఆగండి, జవాబు మీరు అందించొద్దు. ఒకడు ఇస్తానంటాడు, ఒకడు సగమిస్తానంటాడు, ఒకడు ఇవ్వనంటాడు. ఇవ్వనన్నవాడిని తిట్టొద్దు, ఇంట్లో నిజంగానే తిండి లెక్కపెట్టుకుని తినే పిల్లాడు కావచ్చు. మిగిలిన ముక్కలు పన్నెండు గంపలకు ఎత్తారన్న చోట ముగించి, ఆ రోజు తిండి అయ్యాక కింద పడినవి వాళ్లచేతే ఎత్తించండి. నీతి విడిగా చెప్పక్కర్లేదు.

ఐదు రంగుల పుస్తకం వాడొచ్చా?

నలుపు పాపం, ఎరుపు రక్తం, తెలుపు పరిశుద్ధత అని చూపించే ఆ పద్ధతి పాతది. 1866లో లండన్‌లో స్పర్జన్ గారు నలుపు, ఎరుపు, తెలుపు పేజీలతో చెప్పిన ప్రసంగం దానికి మూలం. మిగతా రంగులు తర్వాత చేరాయి. నేనైతే నలుపు పేజీ వాడను. ఒంటి రంగు మీద రోజూ మాటలు పడే పిల్లల ముందు నలుపంటే పాపం, తెలుపంటే మంచి అని చెప్పడం నాకు మనసొప్పదు. చీకటి, వెలుగు అని చెప్పండి, సరిపోతుంది.

పదేళ్ల పిల్ల చంకలో తమ్ముణ్ని ఎత్తుకొస్తుంది. ఏం చేయాలి?

ఇద్దరినీ లోపలికి రానివ్వండి. తల్లి ఎనిమిదింటికే పనికి పోయింది, తమ్ముణ్ని చూసుకోవడం ఆ పిల్ల డ్యూటీ. "చిన్నపిల్లలు వద్దు" అంటే వాడు కాదు, ఆ పిల్లే రేపటినుంచి రాదు. ఒక మూల చాప వేసి, ఖాళీ డబ్బాలు, గిన్నెలు, రెండు బంతులు పెట్టి, సంఘంలోని పెద్దావిడను ఒకరిని కూర్చోబెట్టండి. మొదటి రోజు ఆ అక్క కళ్లు పాటల్లోనూ తమ్ముడి మీదే ఉంటాయి. రెండో రోజుకు తమ్ముడికి ఆ పెద్దావిడ అలవాటయ్యాక, తనూ చేతులు విడిచి యాక్షన్ సాంగ్ చేస్తుంది.

టీచర్లుగా ఎవరిని పెట్టుకోవాలి?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల అన్నలు ఐదు రోజులు సెలవు పెట్టలేరు. వాళ్లకు సాయంత్రం సామాను తెచ్చే పని, చివరి రోజు పని ఇవ్వండి. పొద్దున దొరికేది డిగ్రీ పిల్లలు, గృహిణులు, నర్సింగ్ చదివే అమ్మాయిలు. ఇంటర్ పిల్లలను అసిస్టెంట్లుగా పెట్టండి, ఒంటరిగా క్లాసు ఇవ్వొద్దు. రెండు ఆదివారాలు మధ్యాహ్నం కూర్చుని ప్రతి టీచరూ తన కథను మిగతావాళ్ల ముందు ఒకసారి చెప్పి చూడాలి. సిగ్గు పోయేది అక్కడే.

పిల్లల భద్రతకు ఏ నియమాలు ఉండాలి?

ఏ పెద్దవాళ్లూ ఒక పిల్లతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. బాత్రూముకు చిన్నపిల్లలు జతగా, ఆడపిల్లలతో అక్క. కొట్టడం, చెవి మెలిపెట్టడం, గుంజీలు తీయించడం వద్దు. ఇంటికి పంపేటప్పుడు చీటీలో పేరున్న మనిషికే అప్పగించండి, "మామ వచ్చాడు" అంటే చాలదు. టీచర్లు పిల్లలకు విడిగా ఫోన్లు, మెసేజీలు చేయకూడదు.

పిల్ల ఏదైనా చెడు జరిగిందని చెబితే కంగారుపడకుండా వినండి, గుచ్చి గుచ్చి అడగొద్దు, "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వొద్దు. 2012 పోక్సో చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడమే శిక్షపడే నేరం. సంఘం పరువు, పాస్టరు గారి మొహమాటం ఇక్కడ లెక్కలోకి రావు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసరానికి 112. రెండు నంబర్లూ గోడ మీద రాసి పెట్టండి.

తినడానికి ఏం పెట్టాలి?

క్రీమ్ బిస్కెట్లు, రంగు నీళ్లు వద్దు. ఉడికించిన శనగ గుగ్గిళ్లు, అరటిపండు, నిమ్మకాయ పులిహోర, ఉప్మా, పల్చటి మజ్జిగ. తాగే నీళ్లకు క్యాన్లు ముందురోజే చెప్పి పెట్టుకోండి, ఏప్రిల్‌లో అడిగిన వెంటనే దొరకవు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గర ఉంచుకోండి. చీటీలో వేరుశనగ, పాలు, ఇంకేదైనా పడదా అని అడగండి. కొందరు పిల్లలు గుగ్గిళ్లు పొట్లం కట్టుకుని జేబులో పెట్టుకుంటారు, ఇంట్లో చెల్లికోసం. చూసీ చూడనట్టు ఇంకో గరిటె వేయండి.

క్రాఫ్ట్ సామాను ఎక్కడ చవక?

అవెన్యూ రోడ్డు. చార్టులు, స్కెచ్ పెన్నులు హోల్‌సేల్‌లో దొరుకుతాయి. కానీ పెళ్లికార్డుల వెనక ఖాళీ వైపు, పాత క్యాలెండర్లు, అట్టపెట్టెలు సంఘంలో ఒక ప్రకటన చేస్తే గోనెసంచి నిండా వస్తాయి.

బహుమతులు ఇవ్వాలా?

అందరికీ ఒకటే ఇవ్వండి: పెన్సిలు, ఎరేజరు, నోటుబుక్కు. వాక్యాలన్నీ కంఠతా చెప్పినవాళ్లకు చప్పట్లు కొట్టించండి. ఫస్ట్, సెకండ్ పెడితే ఏటా పాస్టరు గారి పిల్లలకే వస్తాయి, అందరికీ తెలిసిన సంగతే.

ప్రొజెక్టరు, వీడియోలు?

వద్దు. ఫోన్ ఇంట్లో ఎలాగూ చూస్తారు.

ముగింపు రోజు ఎలా చేయాలి?

కూలికి పోయే తల్లిదండ్రులు రావాలంటే ఆదివారమే. గంటకు మించకూడదు, ముఖ్య అతిథుల ప్రసంగాలు అసలే వద్దు. పిల్లలు రెండు పాటలు, వాక్యాలు, ఒక చిన్న నాటిక. మాటలు బట్టీపట్టించకండి, కథ తెలిస్తే మాటలు వాళ్లే పుట్టిస్తారు. మన టిఫిన్ బాక్సు అబ్బాయి వేషం వేసినవాడు "నేనియ్య, మా యమ్మ కొడతాది" అంటే ఆ నాటిక అప్పుడే గెలిచినట్టు.

ఫోటోలు తీయండి, కానీ పిల్లల ముఖాలు వాట్సాప్ స్టేటస్‌లకూ, విరాళాల పోస్టర్లకూ ఎక్కించకండి. షెడ్డు ముందు చిరిగిన చొక్కాతో నిలబెట్టి తీసిన ఫోటోతో చందా అడగడం ఆ పిల్లాడిని అవమానించడమే.

అయిపోయాక?

రిజిస్టరులో ఉన్న ప్రతి ఇంటికీ వారంలోపు ఒకసారి వెళ్లండి, ఇద్దరిద్దరుగా, సాయంత్రం పని దిగే వేళకు. సంఘానికి రమ్మని అడగడానికి కాదు. "మీ పాప బాగా పాడుతుందక్కా" అని ఒక నిజమైన మాట చెప్పి, టీ ఇస్తే తాగి రండి. స్కూలు మానేసిన పిల్లలు ఎవరో, ఆధార్ లేదనో టీసీ లేదనో అడ్మిషన్ ఆగినవాళ్లు ఎవరో అప్పుడే బయటపడుతుంది. స్కూళ్లు తెరిచేలోపు వాళ్లతో గవర్నమెంటు స్కూలుకు తోడు వెళ్లగలిగే మనిషిని సంఘంలోంచి ఒకరిని చూసిపెట్టుకోండి. కాగితాలు లేవని పిల్లను చేర్చుకోకుండా వెనక్కి పంపకూడదని 2009 విద్యా హక్కు చట్టమే చెబుతోంది. ఆ సంగతి నెమ్మదిగా హెడ్‌మాస్టరు గారికి గుర్తుచేస్తే చాలాసార్లు పని అవుతుంది.

వచ్చే ఏడాదికి ఏం దాచుకోవాలి?

రిజిస్టరు, ఖర్చుల లెక్క, చార్టులు. చార్టులు చుట్టి పీవీసీ పైపు ముక్కలో పెట్టి రెండువైపులా మూయండి, ఎలుకలు కొట్టవు. మిగిలిన రంగులు, కత్తెరలు సండే స్కూల్‌కు ఇచ్చేయండి, ఏడాదిపాటు పెట్టెలో పెడితే ఎండిపోతాయి. ఊళ్లు మారే కుటుంబాలు కాబట్టి ఫోన్ నంబర్లు డిసెంబరులో క్రిస్మస్ పలకరింపులప్పుడే ఒకసారి సరిచూసుకోండి.